పెళ్లి ఆల్బమ్‌కు పాస్‌వర్డ్ పెట్టినం, అయినా ఫోటోలు గూగుల్‌ల కనిపిస్తున్నయ్. జర చూసి చెప్పుండ్రి

హన్మకొండ_స్టూడియో | శనివారం రాత్రి 10:40

అందరికి నమస్తే. హన్మకొండల మాది చిన్న ఫోటో స్టూడియో, బాపు రీల్ కెమెరా కాలం నుంచి నడిపిండు ఇప్పుడు నేను చూసుకుంటున్న. కొన్నేండ్ల కింద ఒకాయనతోని వెబ్‌సైట్ చేయించిన. వర్డ్‌ప్రెస్. పెన్‌డ్రైవ్‌లు ఇచ్చుడు బంజేసి, పెళ్లి ఫోటోలన్నీ సైట్‌ల ఎక్కించి పార్టీకి ఒక పేజీ, దానికొక పాస్‌వర్డ్ ఇస్తం. ఆళ్లు ఇంట్ల కూసొని ఆల్బమ్‌కు కావాల్సినయి టిక్ పెడ్తరు, మేం ప్రింట్ వేస్తం. మంచిగనే నడిచింది.

మొన్న గురువారం ఒక పెళ్లిపిల్ల తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, మా అక్క పేరు గూగుల్‌ల కొడితే మంగళస్నానాల ఫోటోలు వస్తున్నయ్, ఏందే ఇది" అన్నడు. నాకు కాళ్లల్ల వణుకు వచ్చింది. అది ఆడోళ్లు మాత్రమే ఉన్న కార్యం, నలుగు పెట్టి నీళ్లు పోసేటప్పటి ఫోటోలు, అందుకే నేను పోలే మా చెల్లెను పంపిన తీయనీకి. పిల్ల ఆఫీసుల ఎవరో చూసి ఆమెకే చూపెట్టిన్రట.

నేను చూసిన. పేజీ తెరిస్తే పాస్‌వర్డ్ అడుగుతున్నది, అది కరెక్టే. కానీ గూగుల్‌ల వచ్చిన ఫోటో మీద నొక్కితే ఏ అడ్డం లేకుండ తెరుచుకుంటున్నది. సైట్ చేసినాయన ఫోన్ ఎత్తుతలేడు. ఇప్పుడు ఏం చేయాలె?

కాజీపేట_కోడర్ | శనివారం రాత్రి 10:58

అన్నా ముందుగాల్ల ఆ ఒక్క పార్టీ ఫోటోలు సర్వర్ మీదికెల్లి తీసెయ్, ఇప్పుడే, మిగిలిన ముచ్చట తర్వాత. నీ దగ్గర హార్డ్‌డిస్క్‌ల కాపీ ఉన్నదా లేదా చూసుకొని తీయి మళ్ల.

ఏమైందంటే, వర్డ్‌ప్రెస్‌ల పేజీకి పాస్‌వర్డ్ పెడితే ఆ పేజీల రాతకే తాళం పడ్తది. ఫోటోలు ఆ పేజీల ఉండయి, అప్‌లోడ్స్ అనే ఫోల్డర్‌ల సంవత్సరం, నెల ప్రకారం వేరేగ ఉంటయి. ఆ ఫోటో అడ్రస్ ఎవనికి తెలిసినా సర్వర్ తీసి ఇస్తది, నువ్వెవరు అని అడగది. ముంగటి దర్వాజకు తాళం ఏసి ఎనుక దర్వాజ బార్ల తెరిచి పెట్టినట్టు.

హన్మకొండ_స్టూడియో | శనివారం రాత్రి 11:20

తీసేసిన తమ్మి. కానీ అడ్రస్ బయటోళ్లకు ఎట్ల తెలిసింది? నేను ఎవ్వరికి ఇయ్యలే.

కాజీపేట_కోడర్ | శనివారం రాత్రి 11:31

ఎవరూ ఇయ్యక్కర్లే. నీ సైట్ పాత వెర్షన్ మీద మొదలైంది అనుకుంట. 2023 నవంబర్‌ల వచ్చిన 6.4 కంటే ముందు పెట్టిన వర్డ్‌ప్రెస్ సైట్లల్ల ఎక్కించిన ప్రతి ఫోటోకు దానంతటదే ఒక పేజీ తయారైతది, దానికి నీ పాస్‌వర్డ్ వర్తించది. ఆ తర్వాత కొత్తగ పెట్టిన సైట్లకే అది ఆఫ్ చేసి ఇస్తున్నరు, పాతయి అప్‌డేట్ చేసినా అట్లనే ఉంటది. ఇంకోటి, సైట్ అడ్రస్ ఎనుక డబ్ల్యూపీ జేసన్ అని కొట్టి మీడియా దాకా పోతే లాగిన్ లేకుండనే ఫోటోల లిస్టు బయటపడే సైట్లు మస్తు చూసిన.

ఫైల్ పేర్లు ఎట్ల పెట్టినవ్?

హన్మకొండ_స్టూడియో | శనివారం రాత్రి 11:36

పిల్ల పేరు, పిలగాని పేరు, కార్యం పేరు, నంబరు. వెతుక్కోనీకి అల్కగ ఉంటదని.

కాజీపేట_కోడర్ | శనివారం రాత్రి 11:37

గూగుల్‌కు కూడ అల్కగనే దొరికింది.

కరీంనగర్_క్లిక్స్ | ఆదివారం ఉదయం 7:15

మాది కూడ ఇదే ధంద, కరీంనగర్‌ల. అన్నా నువ్వు దీన్ని మస్తు పెద్దగ చేసుకుంటున్నవ్. రోబోట్స్ ఫైల్‌ల ఆ ఫోల్డర్ పేరు రాసి డిస్‌అలౌ అని పెట్టు, గూగుల్ రాదు, కథ అయిపోయింది. రైట్ క్లిక్ బంద్ చేసే ప్లగిన్ ఒకటి వెయ్యి. మేం మూడేండ్ల నుంచి గట్లనే నడుపుతున్నం, ఎవ్వరు ఒక మాట అనలే.

ఆర్‌ఈసీ_పాతకాపు | ఆదివారం ఉదయం 8:02

కరీంనగర్ తమ్ముడూ, ఏమనుకోకు, ఈ రెండు సలహాలు వద్దు.

రోబోట్స్ ఫైల్ అనేది గేటు కాదు, గేటు పక్కన రాసిపెట్టిన బోర్డు. మర్యాద ఉన్న గూగుల్ లాంటి వాళ్లు చదివి ఆగుతరు, మిగతావాళ్లు ఆగరు. పైగా ఆ ఫైల్ ఎవరైనా తెరిచి చదవొచ్చు, అంటే ఫలానా ఫోల్డర్‌ల దాచిన అని నువ్వే రాసి అంటించినట్టు. ఇంకా ఇబ్బంది ఏందంటే, ఇప్పటికే గూగుల్‌కు ఎక్కిన ఫోటోల పేజీలు పోవాలంటే గూగుల్ మళ్లీ వచ్చి ఆ అడ్రస్ తట్టి "లేదు" అనో "పర్మిషన్ లేదు" అనో జవాబు తీసుకోవాలె. అంటే 404 గాని 403 గాని. నువ్వు రోబోట్స్‌ల వద్దని రాస్తే అది తట్టనే తట్టదు, పాతది అట్లనే పెట్టుకొని కూసుంటది. నోఇండెక్స్ హెడర్ (సెర్చ్‌ల చూపెట్టొద్దు అని పేజీతోని పంపే చీటీ) పెట్టినా అదే ముచ్చట, వచ్చి చదివితేనే గదా తెలిసేది.

రైట్ క్లిక్ బంద్ గురించి ఏం చెప్పాలె. ఫోన్‌ల స్క్రీన్‌షాట్ తీసే పిలగానికి రైట్ క్లిక్ అంటే ఏందో కూడ తెల్వది.

నేను సర్వర్ల పనిల ఇరవై ఐదేండ్లు చేసిన, ఇప్పుడు హన్మకొండల ఇంటి దగ్గరనే ఉంటున్న. (మేం చదివినప్పుడు మా వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీ పేరు ఆర్‌ఈసీ, 2002ల ఎన్ఐటీ అయింది, నోటికి ఇప్పటికి ఆర్‌ఈసీ అనే వస్తది.) స్టూడియో తమ్ముడూ, నీ సర్వర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఏది, అపాచీనా ఎన్‌జింక్సా?

హన్మకొండ_స్టూడియో | ఆదివారం ఉదయం 9:10

సార్ నాకు అవి తెల్వయి. నెట్‌ల చూసి హెచ్‌టీయాక్సెస్ అనే ఫైల్ ఒకటి చేసి, దాంట్ల "రిక్వైర్ ఆల్ డినైడ్", అంటే ఎవ్వరికి ఇయ్యొద్దు అని రాసి, అప్‌లోడ్స్ ఫోల్డర్‌ల పెట్టిన పొద్దుగాల. ఏం ఫరక్ పడలే. ఇంకో పార్టీ ఫోటో తెరిచి చూస్తే మంచిగ తెరుచుకుంటున్నది.

ఆర్‌ఈసీ_పాతకాపు | ఆదివారం ఉదయం 9:18

అయితే నీది ఎన్‌జింక్స్ అయ్యుంటది. అది హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌ను చదవనే చదవది, అపాచీ, లైట్‌స్పీడ్ లాంటియి చదువుతయి. చాలామంది ఈడనే మోసపోతరు, ఫైల్ పెట్టినం గదా అని నిమ్మలంగ పండుకుంటరు. నువ్వు పెట్టినంక మళ్ల తెరిచి చూసినవ్ చూడు, అది మంచి పని చేసినవ్.

ఒకవేళ అపాచీ అయ్యుంటే సైట్ మీద ఉండే మామూలు బొమ్మలు, లోగో, అన్నీ మాయమయ్యేవి. తాళం వేస్తే ఇంట్లోళ్లు కూడ లోపలికి పోలేని తాళం అది.

జనగామ_రమణీయం | ఆదివారం ఉదయం 10:44

ఫోటోగ్రాఫర్ గారూ, నేను మీ లెక్క సైట్ నడిపేదాన్ని కాదు, అటువైపు దాన్ని. నా పెళ్లై నాలుగేండ్లు. మా స్టూడియో వాళ్లు కూడ ఇట్లనే లింక్ ఇచ్చిన్రు, పాస్‌వర్డ్ ఏందో తెలుసా? పెళ్లి తారీకు. ఎనిమిది వందల శుభలేఖలు పంచినం, అంటే పాస్‌వర్డ్ అచ్చు కొట్టించి బొట్టు పెట్టి మరీ ఇంటింటికి ఇచ్చినట్టే గదా. మా ఆడబిడ్డ తోటికోడలు చూసి, అప్పగింతలప్పుడు నేను ఎట్ల ఏడ్చిన్నో ఫోటోతోని సహా నాకే చెప్పింది.

నవ్వొచ్చే ముచ్చటనే కానీ ఆ రోజు నాకు నవ్వు రాలే. ఆ పిల్ల ఆఫీసుల ఎట్ల కూసుంటున్నదో ఒకసారి అనుకోండి. టెక్నికల్‌గ ఏం చేస్తరో చేయండి కానీ ముందు ఆ పిల్లకు మీరే ఫోన్ చేసి తప్పు మాది అని చెప్పండి. తమ్మునితోని కాదు, ఆ పిల్లతోని.

హన్మకొండ_స్టూడియో | ఆదివారం ఉదయం 11:05

మేడం మా దగ్గర కూడ పెళ్లి తారీకే. అందరికీ.

ఫోన్ చేస్త. ఇయ్యాలనే చేస్త.

నల్లకోటు | ఆదివారం మధ్యాహ్నం 1:30

కోర్టు సెలవు కాబట్టి రాస్తున్న, ఫీజు అడగను.

పెళ్లి ఫోటోలు తీసినోడివి కాబట్టి నీయే అనుకుంటున్నవా? 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం పైసలిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే అగ్రిమెంట్ లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నోళ్లే. చాలా స్టూడియోలు శాంపిల్ అని ఆ ఫోటోలు సైట్ ముంగట పేజీల, ఇన్‌స్టాల పెడ్తరు, ఒక్క సంతకం తీసుకోరు. రశీదు బుక్కుల రెండు లైన్లు అచ్చేయించి సంతకం పెట్టించుకో, శాంపిల్‌కు వాడుకుంటాం, ఇన్ని రోజులు సైట్ మీద ఉంచి తర్వాత తీసేస్తం అని.

2023ల వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టం కూడ ఉన్నది. మనుషుల డేటా పెట్టుకున్నోడు దాన్ని సరిగ కాపాడకపోతే జరిమానా 250 కోట్ల దాకా పోవచ్చు అని దాంట్ల రాసి ఉన్నది. చిన్న స్టూడియోకు అంత వేస్తరు అని నేను అంటలేను, కానీ "సైట్ చేసినాయన ఫోన్ ఎత్తుతలేడు" అనేది జవాబు కాదు అని మాత్రం అంటున్న. పార్టీ నీ దగ్గరికే వస్తది.

ఐటీ చట్టంల 66ఈ సెక్షన్ గురించి ఎవరన్న భయపెడితే, అది ప్రతి ఫోటోకు వర్తించది, బట్టల్లేకుండ గాని లోబట్టలతోని గాని ఉన్న ఒంటి మర్మభాగాల బొమ్మలకు సంబంధించింది. కానీ అమ్మాయి తయారయ్యే రూమ్‌ల తీసిన ఫోటోలు ఉంటే ఒక్కొక్కటి చూసుకో, అసొంటివి సైట్ మీద ఉండొద్దు, నీ హార్డ్‌డిస్క్‌ల కూడ ఉండొద్దు.

కరీంనగర్_క్లిక్స్ | ఆదివారం మధ్యాహ్నం 2:12

సరే రోబోట్స్ ముచ్చట ఒప్పుకుంటున్న. కానీ ఇంత లొల్లి ఎందుకు, గూగుల్ డ్రైవ్‌ల పెట్టి లింక్ పంపితే కాదా? నేను ఇప్పుడే మావి కూడ చూసుకున్న, నాలుగు పెళ్లిల్లు బయటనే ఉన్నయ్ 😶

కాజీపేట_కోడర్ | ఆదివారం మధ్యాహ్నం 2:40

డ్రైవ్ తప్పేం కాదు అన్నా. కానీ "లింక్ ఉన్న ఎవరైనా" అని పెడ్తం గదా, ఆ లింక్ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌ల పడ్తది, ఆడికెళ్లి ఇంకో గ్రూప్‌కు. ఆ అడ్రస్‌ను ఊహించి కొట్టుడు ఎవనితోని కాదు, అంత పొడుగు ఉంటది, కానీ ఊహించాల్సిన పనే లేదు, ఫార్వర్డ్ చేస్తే చాలు. జీమెయిల్ అడ్రస్‌లు రాసి వాళ్లకు మాత్రమే అని ఇస్తే అది అసలైన తాళం. పెళ్లి పార్టీల ఎంతమందికి జీమెయిల్ పాస్‌వర్డ్ యాదికున్నదో నీకే తెలుసు.

స్టూడియో అన్నకు నా సలహా, పాతకాపు సార్ తప్పుంటే చెప్పాలె. ఫోటోలు వెబ్ ఫోల్డర్‌ల ఉండనే ఉండొద్దు. సర్వర్ మీదనే, బయటికి కనిపించే ఫోల్డర్ అవతల ఇంకో ఫోల్డర్‌ల పెట్టాలె. ఆడికి బ్రౌజర్ నేరుగ పోలేదు. మధ్యల చిన్న పీహెచ్‌పీ ఫైల్ (సర్వర్ మీద నడిచే ప్రోగ్రాం) ఒకటి వాచ్‌మన్ లెక్క కూసుంటది, ఫోటో కావాల్నంటే దాన్ని అడగాలె, అది చూస్తది ఈ మనిషి లాగిన్ అయిండా, అయితే ఈ ఆల్బమ్ ఈ మనిషిదేనా, రెండూ అవునంటేనే ఇస్తది.

ఆర్‌ఈసీ_పాతకాపు | ఆదివారం సాయంత్రం 4:25

కోడర్ తమ్ముడు చెప్పింది వంద శాతం కరెక్టు, అసలు ఆ రెండో ప్రశ్న దగ్గరనే అందరు పడిపోతరు. లాగిన్ అయిండా అని చూసి వదిలేస్తరు. అప్పుడు ఏమైతదంటే, ఒక పార్టీ తన పాస్‌వర్డ్‌తోని లోపలికి వచ్చి అడ్రస్‌ల 101 అని ఉన్న చోట 102 కొడితే పక్క పెళ్లి ఆల్బమ్ తెరుచుకుంటది. దొంగ బయటికెల్లి రాలే, మన చుట్టమే. పెద్ద పెద్ద కంపెనీల సైట్లల్ల దొరికిన తప్పు ఇది. ప్రతి ఫోటోకు, ప్రతిసారి అడగాలె, పేజీ తెరిచినప్పుడు ఒక్కసారి అడిగితే చాలదు.

ఫైల్ పేరును బ్రౌజర్ నుంచి నేరుగ తీసుకోవద్దు. రెండు చుక్కలు, గీత పెట్టుకుంట పైఫోల్డర్లకు ఎక్కి సర్వర్ పాస్‌వర్డ్ ఫైల్ అడిగేటోళ్లు ఉంటరు. నంబర్ తీసుకొని, ఆ నంబర్‌కు ఏ ఫైల్ అనేది డేటాబేస్‌ల చూసి మనమే తీయాలె.

ఎనిమిది వందల ఫోటోలు పీహెచ్‌పీ ఒక్కటే మోసుడు కష్టం అనిపిస్తే, ఎన్‌జింక్స్‌ల ఎక్స్ యాక్సెల్ రీడైరెక్ట్ అని ఉన్నది. పీహెచ్‌పీ పర్మిషన్ మాత్రమే చూసి హెడర్‌ల ఫైల్ దారి చెప్తది, మోసే పని ఎన్‌జింక్స్ చేస్తది. ఆ ఫోల్డర్‌కు ఇంటర్నల్ అని రాయాలె, లేకపోతే మళ్ల బయటికి తెరుచుకుంటది. వాచ్‌మన్ చీటీ రాసిస్తే హమాలీ మూట తెచ్చినట్టు.

రిఫరర్ చూసి, అంటే మన సైట్ నుంచి వచ్చిండా అని చూసి ఆపే పద్ధతి కూడ కొందరు చెప్తరు. అది వేరే సైటోళ్లు మన బొమ్మను వాళ్ల పేజీల అంటించుకోకుండ పనికొస్తది అంతే, ఆ హెడర్ ఎవడైన ఏదైన రాసుకోవచ్చు.

హన్మకొండ_స్టూడియో | సోమవారం రాత్రి 11:50

అందరికి దండాలు. కోడర్ తమ్ముడు కాజీపేట నుంచి బండేసుకొని వచ్చిండు, పొద్దుగూకినప్పటి నుంచి ఇప్పటి దాక స్టూడియోలనే కూసున్నడు, చాయ్‌లు నాలుగైనయ్. ఫోల్డర్ మార్చినం, వాచ్‌మన్ ఫైల్ పెట్టినం. ఫోన్‌ల వైఫై బంజేసి ఇన్‌కాగ్నిటోల తెరిస్తే 403 వచ్చింది. నా జిందగీల 403 చూసి ఇంత సంబురపడ్డది లేదు.

కానీ ఒకటి అర్థమైతలేదు. శనివారం నాడే తీసేసిన మంగళస్నానాల ఫోటోలల్ల కొన్ని ఇప్పటికి తెరుచుకుంటున్నయ్. చిన్న సైజ్‌ల. సర్వర్ మీద లేవు, నేనే తీసిన!

ఆర్‌ఈసీ_పాతకాపు | మంగళవారం ఉదయం 6:30

రెండు కారణాలు ఉండొచ్చు. నువ్వు పెద్ద ఫైల్ ఒక్కటే తీసినవేమో. వర్డ్‌ప్రెస్ ఒక ఫోటో ఎక్కిస్తే దానికి 150, 300, 768, 1024 ఇట్ల సైజుల పిల్లలను పెడ్తది, 2560 దాటితే స్కేల్డ్ అని ఇంకోటి. ఫైల్ మేనేజర్‌లకెల్లి తల్లిని తీస్తే పిల్లలు ఆడనే ఉంటయి.

రెండోది, సైట్ ముంగట కాపీలు పెట్టుకొని ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ సర్వీస్ పెట్టినవా?

హన్మకొండ_స్టూడియో | మంగళవారం ఉదయం 9:02

పెట్టిండు సార్ ఆయన, స్పీడ్ కోసం అని. పిల్ల ఫైళ్లు కూడ ఉన్నయ్, మీరు చెప్పినంక చూస్తే 300వి, 768వి అన్నీ ఆడనే. నా తల్లి.

ఆర్‌ఈసీ_పాతకాపు | మంగళవారం ఉదయం 9:15

అవి తీసెయ్, ఆ తర్వాత క్లౌడ్‌ఫ్లేర్‌ల పర్జ్ ఎవ్రీథింగ్ కొట్టు, దాని దగ్గరి కాపీలన్నీ పోతయి. అది జేపీజీ అని చివర ఉన్న ప్రతి ఫైల్‌ను తన దగ్గర ఒక కాపీ పెట్టుకుంటది, మన సర్వర్ నెల రోజులు ఉంచుకో అని చెప్పి ఉంటే అన్ని రోజులు దాని దగ్గరనే ఇస్తుంటది, మన వాచ్‌మన్ దాకా మనిషి రాడు. ఇగ నుంచి వాచ్‌మన్ ఇచ్చే ప్రతి ఫోటోకు క్యాష్ కంట్రోల్ హెడర్‌ల ప్రైవేట్, నో స్టోర్, అంటే కాపీ పెట్టుకోవద్దు అని రాయించు.

గూగుల్ సైట్ ఓనర్లకు ఇచ్చే సెర్చ్ కన్సోల్‌ల రిమూవల్స్ అని ఉన్నది. ఆ ఫోల్డర్ మొత్తం ఇచ్చి రిక్వెస్ట్ పెట్టు, తొందరగనే దాస్తది. దాని లెక్క సుమారు ఆరు నెలలే, కానీ ఈలోపల 403, 404లు చూసి దానంతటదే మర్చిపోతది.

ములుగురోడ్_మొబైల్స్ | మంగళవారం మధ్యాహ్నం 12:20

మధ్యల వస్తున్న. మీ చెల్లె ఫోన్‌తోని తీసినయి ఏమన్న ఎక్కించిన్రా? ఫోన్ ఫోటోల లొకేషన్ ఉంటది, పిల్ల ఇల్లు మ్యాప్‌ల చూపెడ్తది. ఎక్కించేముందు ఎగ్జిఫ్ అనే ఆ దాగిన సమాచారం తీసేయాలె.

హన్మకొండ_స్టూడియో | మంగళవారం మధ్యాహ్నం 12:31

ఎక్కించినం 🤦 కోడర్ తమ్మీ...

కాజీపేట_కోడర్ | మంగళవారం మధ్యాహ్నం 12:33

వస్తున్న అన్నా. ఈసారి బిర్యానీ.

జనగామ_రమణీయం | మంగళవారం రాత్రి 8:15

పిల్లకు ఫోన్ చేసిన్రా?

హన్మకొండ_స్టూడియో | బుధవారం రాత్రి 10:05

చేసిన మేడం. ఆదివారమే చేసిన, ఎత్తలే. సోమవారం ఎత్తింది. నేను చెప్పింది మొత్తం విన్నది, ఏం తిట్టలే, తిడితే మంచిగుండు అనిపించింది. "ఎవరెవరు చూసిన్రో తెలుస్తదా" అని అడిగింది. సర్వర్ లాగ్‌ల చూస్తే ఐపీ నంబర్లే ఉన్నయ్, మనుషుల పేర్లు లేవు, అవి కూడ పద్నాలుగు రోజులయే, ముందువి పోయినయ్. అదే చెప్పిన. చాన సేపు మాట్లాడలే. తర్వాత ఆ కార్యం ఫోటోలు పెన్‌డ్రైవ్‌ల ఇయ్యిమన్నది, సైట్ మీద ఎప్పటికి వద్దు అన్నది. చెల్లెతోని పంపిన, మా దగ్గర ఉన్న కాపీ ఆమె ముంగటనే డిలీట్ చేసిచ్చినం.

మిగిలిన పార్టీలు పదిహేడు మందికి ఒక్కొక్కరికి ఫోన్ చేసి చెప్తున్న. ఇద్దరు తిట్టిన్రు, మిగిలినోళ్లు ఆల్బమ్ ఎప్పుడిస్తవ్ అని అడిగిన్రు. పాస్‌వర్డ్ తీసేసి ఫోన్‌కు ఓటీపీ పెట్టినం, పార్టీ రాసిచ్చిన నంబర్లకే పోతది. ఆల్బమ్ ఇచ్చినంక నెలకు సైట్ మీదికెల్లి తీసేస్తం, వకీల్ సార్ చెప్పినట్టు రశీదుల అచ్చేయిస్తున్న.

ఇప్పుడు కొత్త లొల్లి. ఒక పార్టీ వాళ్ల అమ్మమ్మ నర్సంపేటల ఉంటది, ఆమెకు డబ్బా ఫోన్. ఓటీపీ వస్తది గానీ ఫోటో కనిపించది. మనుమరాలి పెళ్లి ఫోటోలు ఎట్ల చూడాలె బిడ్డా అని నాకే ఫోన్ చేస్తున్నది రోజు.

ఆర్‌ఈసీ_పాతకాపు | బుధవారం రాత్రి 10:20

ఆమెకు ఇరవై ఫోటోలు ప్రింట్ తీసి బస్సుల పంపు తమ్ముడూ.